"అందరికీ ఓకేనా?" అని అడగకుండా ఓటీ గైడ్‌లైన్ మీటింగ్ నడపడం ఎలా

కొన్నేళ్ల కిందట ఒక మీటింగ్‌లో కూర్చున్నాను. పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లినవాళ్లకి ఓటీలు ఏం చేయాలో ఒక గైడ్‌లైన్ రాద్దామని పద్నాలుగు మందిని పిలిచారు. పదింటికి అన్నది జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, టీలు తాగేసరికి పదకొండున్నర అయింది, ఆ తర్వాత అందరిలోకీ సీనియర్ అయిన సర్ గంటసేపు మాట్లాడారు, మధ్యమధ్యలో ఇద్దరు ముగ్గురు "అవును సర్" అన్నారు, చివర్లో "అందరికీ ఓకేనా?" అంటే ఎవరూ నోరు మెదపలేదు. మినిట్స్‌లో "ఏకగ్రీవంగా ఆమోదించారు" అని రాసుకుని భోజనాలకి లేచాం. చేతులు కడుక్కునే చోట జిల్లా ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మాయి మెల్లగా, "అక్కా, అందులో సగం మా దగ్గర కుదరవు" అంది. మరి లోపల చెప్పొచ్చు కదా అంటే నవ్వింది. నేను మాత్రం చెప్పానా ఏంటి.

మౌనం అర్ధాంగీకారం అంటారు. నిపుణులు కూర్చుని ఒక ఒప్పందానికొచ్చే ఎక్స్‌పర్ట్ కన్సెన్సస్ మీటింగ్‌లో ఆ మాట నమ్మారా, మీ గైడ్‌లైన్ బీరువాలోకే. ఆ తర్వాత ఇలాంటిది ఒకటి నేనే నడపాల్సి వచ్చినప్పుడు చేసినవి, చేసి నాలుక్కరుచుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. (ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ అనుకుని వచ్చినవాళ్లకి: ఇది ఆక్యుపేషనల్ థెరపీ గురించి, అంటే జబ్బు చేసినవాళ్లు తమ రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా ఇచ్చే థెరపీ. అది ఇచ్చేవాళ్లనీ ఓటీలనే అంటాం. మాకు అలవాటే.)

ముందు, అసలు మీటింగ్ అవసరమా?

ట్రయల్స్‌లో తేలిన విషయానికి ఓటింగ్ పెట్టకండి. బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతి ఉంది కదా, దాని మీద అమెరికాలో ఎక్సైట్ అనే ట్రయల్ 222 మందితో జరిగి 2006లో ఫలితాలు వచ్చాయి. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైనవాళ్లని, మణికట్టూ వేళ్లూ కొంతైనా పైకి లేపగలిగినవాళ్లని తీసుకున్నారు. "ఇది పనిచేస్తుందని మీకు అనిపిస్తోందా?" అని పన్నెండు మందిని కూర్చోబెట్టి అడగడం దండగ. అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆ ట్రయల్‌లో రెండు వారాల పాటు, రోజుకి ఆరు గంటల దాకా శిక్షణ ఇచ్చారు, మరి వారానికోసారి బస్సెక్కి వచ్చే మనిషికి దాన్ని ఎలా మార్చి ఇవ్వాలి, ఎంత తగ్గిస్తే ఇక ఇవ్వకపోయినా ఒకటే అవుతుంది? దీనికి పేపర్లలో నేరుగా జవాబు దొరకదు, పదేళ్లు చేసినవాళ్ల అనుభవంలో ఉంటుంది. కన్సెన్సస్ అనేది ఇలాంటి ఖాళీల కోసమే.

మన దగ్గర ఈ ఖాళీలు చాలానే ఉన్నాయి. రోగి తన పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలవడానికి మనం రోజూ వాడే బార్తెల్ ఇండెక్స్ 1965 నాటిది, అందులో తినడం అనే చోట ముక్కలు కోసుకోవడం, వెన్న రాసుకోవడం ఉంటాయి గానీ పప్పన్నం కలిపి ముద్ద చేసుకోవడం ఉండదు. నేల మీద కూర్చుని లేవడం, మన పద్ధతి మరుగుదొడ్డి, చీర కట్టుకోవడం, ఒంటి చేత్తో చెంబుతో నీళ్లు పోసుకోవడం, వీటి మీద మన థెరపిస్టులు రోజూ నిర్ణయాలు తీసుకుంటూనే ఉన్నారు, ఎవరికి తోచినట్టు వాళ్లు. మీ ప్రశ్నలు ఇక్కడి నుంచి తీయండి. ఐదారు ప్రశ్నలు చాలు, పది దాటితే మీటింగ్ కాదు, జాతర. ఒక్కో ప్రశ్నలో ఎవరికి, ఏం చేయాలి, దేనితో పోల్చి, ఏం బాగుపడాలి అనే నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ప్యానెల్

తొమ్మిది నుంచి పన్నెండు మంది దాకా పర్లేదు. అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ, కాలిఫోర్నియా యూనివర్సిటీ కలిసి ఇలాంటి ప్యానెళ్ల కోసం తయారుచేసిన పద్ధతిలో సాధారణంగా తొమ్మిది మందే ఉంటారు. పదిహేను దాటితే ఎవరికీ రెండోసారి మాట్లాడే వంతు రాదు.

పేర్లు రాసేటప్పుడు మన చేయి దానంతటదే హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రుల హెచ్ఓడీల వైపు వెళ్తుంది. ఆపండి. ఇంటికెళ్లి థెరపీ ఇచ్చేవాళ్లు ఇద్దరు, జిల్లాలో ఒంటరిగా పనిచేసే ఓటీ ఒకరు, ఒక ఫిజియో, ఒక న్యూరాలజిస్టు, పేపర్లు చదివి తూకం వేయడం తెలిసినవాళ్లు ఒకరు, వీళ్లు లేకుండా లిస్టు మూయకండి. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మనిషి ఒకరు, ఇంట్లో చూసుకునేవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. ఇద్దరూ ఓటు వేసే సభ్యులుగానే ఉండాలి, "మీ అనుభవం పంచుకోండమ్మా" అని పది నిమిషాలు మైకిచ్చి పంపేసే అతిథులుగా కాదు. వాళ్లకి ఆ రోజు కూలో జీతమో పోతుంది, ఇంట్లో మనిషిని చూసుకోవడానికి ఇంకొకరిని పెట్టుకోవాలి, కాబట్టి దారిఖర్చులతో పాటు రోజు డబ్బులు కూడా ఇవ్వండి. డాక్టర్లకి ఫ్లైట్ టికెట్ వేసి వీళ్లకి బస్సు టికెట్ దగ్గర బేరాలాడిన మీటింగ్ నాకు తెలుసు.

ఎవరికి ఇందులో సొంత లాభాలున్నాయన్న సంగతి కూడా ముందే, రాతపూర్వకంగా అడిగేయాలి. సొంత క్లినిక్‌లో స్ప్లింట్లు (చేతిని కదలకుండా నిలిపి ఉంచే పట్టీలు) అమ్మేవాళ్లు, రోబోటిక్ గ్లౌజు కంపెనీ దగ్గర ఫీజు తీసుకునేవాళ్లు, అందరూ ఫారం నింపాలి, నింపినంత మాత్రాన దొంగలని కాదు. తమ లాభానికి సంబంధించిన స్టేట్‌మెంట్, అంటే ఓటుకి పెట్టే సిఫారసు వాక్యం, వచ్చినప్పుడు వాళ్లు తమకి తెలిసింది చెప్తారు, ఓటు మాత్రం వేయరు. ఈ నియమం మొదటి ఆహ్వానం ఈమెయిల్‌లోనే ఉంటే ఎవరూ నొచ్చుకోరు, మీటింగ్ రోజు చెప్తే తప్పకుండా నొచ్చుకుంటారు.

ఇక ఛైర్ ఎవరు? సబ్జెక్టులో అందరికంటే పెద్దవాళ్లని మాత్రం పెట్టకండి. వాళ్లు ప్యానెల్లో సభ్యులుగా ఉంటే వాళ్ల విలువ దక్కుతుంది, ఛైర్‌లో కూర్చుంటే మిగతా పదకొండు మందీ వినేవాళ్లయిపోతారు. చర్చ నడపడం తెలిసి, ఈ విషయం మీద గట్టి అభిప్రాయాలు లేని మనిషి కావాలి, వేరే విభాగం నుంచైనా పర్లేదు. సీనియర్ సర్‌కి ఈ మాట నేనే వెళ్లి చెప్పాను, "సర్, మీరు ఛైర్‌లో ఉంటే ఓటు వేయలేరు, మాకు మీ ఓటు కావాలి" అని. అది నిజం కూడా, మా నియమాల ప్రకారం ఛైర్‌కి ఓటు లేదు.

ఎథిక్స్ కమిటీకి ఒక లేఖ ఇప్పుడే పెట్టండి, తర్వాత జర్నల్‌కి పంపాలనుకుంటే గనక. మీటింగ్ అయిపోయాక వెళ్తే ఏమీ చేయలేరు వాళ్లు.

స్టేట్‌మెంట్లు రాయడం

అసలు కష్టమంతా ఇక్కడ ఉంది, జనం ఇక్కడే తొందరపడతారు.

"రోగి అవసరాలను బట్టి తగిన థెరపీ ఇవ్వాలి." దీన్ని ఓటింగ్‌కి పెట్టి చూడండి, నూటికి నూరు శాతం వస్తుంది, దాని వల్ల ఒక్క రోగికి కూడా వీసమెత్తు తేడా రాదు. ఎవరైనా కాదనడానికి అవకాశం ఉన్న వాక్యమే స్టేట్‌మెంట్. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏం చేయాలి అన్నది అందులో ఉండాలి. "ఇంటికి పంపే ముందు ఓటీ రోగి ఇంటి మరుగుదొడ్డి ఫోటోలైనా చూసి, ఏ మార్పులు కావాలో కుటుంబానికి రాసివ్వాలి." దీని మీద దెబ్బలాడుకోవచ్చు: ఎవరికి టైముంది, ఫోటో సరిపోతుందా, అద్దె ఇంట్లో మార్పులు ఎవరు చేయనిస్తారు. అలా దెబ్బలాట వస్తోందంటే మీరు సరిగ్గా రాశారన్నమాట.

ఒక వాక్యంలో ఒకే విషయం పెట్టండి. "స్ప్లింట్ ఇవ్వాలి, వ్యాయామాలు నేర్పాలి" అని రాస్తే వ్యాయామాలకి ఒప్పుకుని స్ప్లింట్‌కి ఒప్పుకోని మనిషి ఎంత స్కోరు వేయాలి? మధ్యలో 5 వేస్తాడు, మీరేమో దాన్ని అయోమయం అనుకుంటారు. ఒక పాతిక ముప్పై స్టేట్‌మెంట్లు తయారయ్యాక ప్యానెల్లో లేని ఇద్దరు థెరపిస్టులకి ఇచ్చి, గట్టిగా చదివి వాళ్లకేం అర్థమైందో చెప్పమనండి. సగం తిరగరాయాల్సి వస్తుంది. మాకు సగానికి పైనే.

ప్రతి ప్రశ్నకీ ఒక పేజీ సారాంశం కూడా పెట్టాలి: ఏ పరిశోధనలున్నాయి, ఎంత మంది మీద చేశారు, వాటిని ఎంతవరకు నమ్మొచ్చు, మన పరిస్థితికి ఎంత దగ్గర. నమ్మకం సంగతి చెప్పడానికి గ్రేడ్ అనే పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి, ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, బాగా తక్కువ అని. కుటుంబ సభ్యుల కోసం ఇదే పేజీ తెలుగులో రాయండి. తెలుగు పేజీ రాశాక మా ప్యానెల్లో ఇద్దరు డాక్టర్లు కూడా అదే చదివారని తర్వాత తెలిసింది. రెండు వారాల ముందు పంపండి, ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో కాదు.

మొదటి ఓటు ఇంటి నుంచే

మీటింగ్‌కి రాకముందే అందరూ ఒంటరిగా, పేరు లేకుండా ఓటు వేయాలి. ఇదొక్కటే చేసి మిగతావన్నీ వదిలేసినా మీ మీటింగ్ మామూలు మీటింగ్‌ల కంటే నయంగా ఉంటుంది. నిపుణులు ఎదురెదురు పడకుండా, పేరు లేకుండా అభిప్రాయం చెప్పే డెల్ఫీ పద్ధతి పుట్టిందే ఇందుకు. 1950ల్లో ర్యాండ్‌లో హెల్మర్, డాల్కీ దీన్ని తయారుచేసినప్పుడు వాళ్ల ఇబ్బందీ మనదే, నలుగురు ఒకచోట కూర్చుంటే గొంతు పెద్దదైన మనిషి వైపు మిగతావాళ్లు ఒరిగిపోతారు. అంటే "అవును సర్" మన ఒక్కరి జబ్బు కాదు, కాస్త ముదిరి ఉంటుందేమో అంతే.

గూగుల్ ఫారం చాలు. పేర్ల బదులు ఒక్కొక్కరికీ కోడ్ నంబర్ ఇవ్వండి, ఎందుకంటే తర్వాత ఎవరి స్కోరు వాళ్లకి తిరిగి చూపించాలి. ఈమెయిల్ సేకరించే ఆప్షన్ ఆపేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. ఏ కోడ్ ఎవరిదో ఒక్కరి దగ్గరే ఉండాలి, ఆ ఒక్కరు ప్యానెల్ మనిషి కాకూడదు. స్కేలు 1 నుంచి 9: 1–3 తగదు, 4–6 చెప్పలేం, 7–9 తగినది. ప్రతి స్కోరు కింద "ఎందుకు?" అని ఒక ఖాళీ గడి ఉంచండి, మీటింగ్ రోజు మీ చేతిలో ఉండే అసలు సరుకు అదే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 1 అంటే ఏంటో, 9 అంటే ఏంటో మొదటి పేజీలో మాత్రమే రాశాను. ఒకరు అన్నిటికీ 1, 2 వేశారు, ఈ మనిషికి మన మీద ఇంత కోపమేంటా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆరా తీయిస్తే, 1 అంటే ఫస్ట్ ర్యాంకు అనుకున్నారట. మనకి చిన్నప్పటి నుంచి ఒకటో ర్యాంకే కదా గొప్ప. ప్రతి ప్రశ్న కింద రాయండి, 9 అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నట్టు అని.

ఫలితాలు చూడకముందే గీత గీసి పెట్టుకోవాలి, ఎంత వస్తే ఒప్పందం కుదిరినట్టు అని. చాలామంది 70 లేదా 75 శాతం మంది 7–9 మధ్య వేయాలని పెట్టుకుంటారు. ర్యాండ్ పద్ధతిలో మెడియన్, అంటే స్కోర్లన్నీ వరుసగా పేరిస్తే నడిమధ్యలో వచ్చేది, 7 లేదా ఆ పైన ఉండాలి, పైగా గది రెండుగా చీలి ఉండకూడదు. తొమ్మిది మంది ప్యానెల్లో ముగ్గురు అటు చివర, ముగ్గురు ఇటు చివర ఉంటే చీలినట్టే, పన్నెండు మందయితే నలుగురూ నలుగురూ. ఏది పెట్టుకున్నా సరే, రాసి, తేదీ వేసి దాచుకోండి. ఫలితం వచ్చాక 68 శాతాన్ని చూసి "దగ్గర్లోనే ఉంది కదా" అనే గొంతు ఒకటి లేస్తుంది, ఒక్కోసారి అది మీదే అయ్యుంటుంది.

మీటింగ్ రోజు

హాలు ముందు వెళ్లి చూసిరండి. ఓటీ గైడ్‌లైన్ మీటింగ్‌ని లిఫ్టు లేని మొదటి అంతస్తులో పెట్టిన ఘనులున్నారు, వీల్‌చెయిర్‌లో వచ్చిన సభ్యుడిని నలుగురం మోసుకెళ్లాం, ఆయన నవ్వుతూనే ఉన్నారు, మాకు మాత్రం తలెత్తుకోబుద్ధి కాలేదు. వీల్‌చెయిర్ పట్టే బాత్‌రూం, గుండ్రంగా వేసిన కుర్చీలు ఉండాలి. వేదిక, బొకేలు, శాలువాలు, జ్యోతి ఉండకూడదు, కప్పాల్సిందే అంటే సాయంత్రం ఫోటో ముందు కప్పుకోండి.

ముందు ఓటులో ఒప్పందం కుదిరిన స్టేట్‌మెంట్లని పది నిమిషాల్లో చదివేసి పక్కన పెట్టండి, వాటి మీద ఉపన్యాసాలు వద్దు. రోజంతా తేడాలున్నవాటికే. ఒక్కోదానికి ఇరవై, పాతిక నిమిషాలు పడుతుంది, అంటే రోజుకి పది, పన్నెండు మించవు. అంతకంటే ఎక్కువ మిగిలితే రెండు రోజులు పెట్టుకోవాలి, లేదా స్టేట్‌మెంట్లు సరిగ్గా రాయలేదేమో చూసుకోవాలి.

అందరి చేతిలో ఒక కాగితం ఉంటుంది, అందులో ప్రతి స్టేట్‌మెంట్‌కి ఎంతమంది ఎంత వేశారు, తన స్కోరు ఎంత అనే రెండే ఉంటాయి. చర్చ "మీరేమంటారు సర్?" అని మొదలెట్టకండి. "నలుగురు 3 లోపు వేశారు. ఎవరన్నది మనకి అక్కర్లేదు. అలా వేయడానికి ఏమేం కారణాలుండొచ్చు?" అని అడిగి, రెండు నిమిషాలు అందరినీ కాగితం మీద రాసుకోనివ్వండి, మాట్లాడకుండా. తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కో పాయింటే చెప్పాలి, మధ్యలో ఎవరూ జవాబివ్వకూడదు, అన్నీ బోర్డు మీదకి ఎక్కాకే చర్చ. డెల్‌బెక్, వాన్ డి వెన్ అనే ఇద్దరు 1970ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన నామినల్ గ్రూప్ టెక్నిక్ ఇదే. దానికి నేను కలిపింది ఒక్కటే, వరస ఎప్పుడూ అందరిలోకీ చిన్నవాళ్లతో మొదలవ్వాలి, పెద్దవాళ్లు చివర. పెద్దవాళ్లు మాట్లాడాక చిన్నవాళ్లు ఎదురుచెప్పరు, అది మర్యాద అనుకుంటారు, మనమే అలా పెంచాం.

భాష సంగతి కూడా చూసుకోండి. డాక్టర్లు వేడెక్కితే ఇంగ్లిష్‌లోకి జారిపోతారు, కుటుంబ సభ్యులు అక్కడే ఆగిపోతారు. ఛైర్ పని అప్పుడు ఒక్కటే, "మేడం, అదే తెలుగులో ఇంకోసారి" అనడం. నాలుగోసారికి వాళ్లే సర్దుకుంటారు. ఎక్కువ మాట్లాడేవాళ్లకి కూడా ఒక మాట సిద్ధంగా ఉంచుకోండి: "సర్, మీ పాయింట్ బోర్డు మీద ఉంది, ఇంకా మాట్లాడనివాళ్లు ముగ్గురున్నారు."

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ నలిగిన స్టేట్‌మెంట్ ఇది: "కుడి చెయ్యి పడిపోయినవాళ్లకి మొదటి నెలలోనే ఎడమ చేత్తో తినడం నేర్పాలి." పన్నెండు మందిలో ఐదుగురు 8, 9 వేశారు, నలుగురు 2, 3, మిగతా ముగ్గురు మధ్యలో. మెడియన్ 5 వచ్చింది. ఆ 5ని మాత్రమే చూస్తే జనం ఎటూ తేల్చుకోలేదనిపిస్తుంది, నిజానికి గది నడిమధ్యకి చీలిపోయి ఉంది. ఒక వైపు వాదన, తన చేత్తో తను తింటే మనిషికి ధైర్యం వస్తుంది, కోడలి చేతి ముద్ద కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంకోవైపు, ఎడమ చెయ్యి అలవాటైతే కుడి చేతిని ఇక వాడడు. అరగంట ఇలాగే తిరిగింది, రెండు వైపులా పేపర్లు చదివినవాళ్లే.

అప్పుడు వంతు వచ్చి, వాళ్ల నాన్నని చూసుకుంటున్న ఆవిడ మాట్లాడింది. "మా నాన్న ఎడమ చేత్తో బాగానే తింటాడు, తలుపేసుకుని. నలుగురి ముందు తినాల్సి వస్తుందని పెళ్లిళ్లకి రావడం మానేశాడు." గదిలో ఓటీలందరికీ ఇది తెలియదా? తెలుసు. ఎవరి కాగితం మీదా లేదు, అంతే. ఆ స్టేట్‌మెంట్‌ని అక్కడికక్కడే రెండు చేశాం. తినే చెయ్యి మార్చే ముందు ఆ మనిషి ఎక్కడ, ఎవరితో కూర్చుని తింటాడో, ఎడమ చేత్తో తినడం అతనికి ఎలా అనిపిస్తుందో ఓటీ అడిగి రాసుకోవాలి అన్నది ఒకటి. మొదటి నెలలోనే నేర్పాలా వద్దా అన్నది రెండోది.

చర్చ అయ్యాక మళ్లీ రహస్య ఓటు. చేతులెత్తించకండి, చేతులెత్తిస్తే పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా గంగలో కలిసినట్టే. చీటీలైనా సరే, ఫోన్లో అయినా సరే. మా రెండింటిలో మొదటిది గట్టెక్కింది, రెండోది మళ్లీ చీలిపోయింది.

కుదరకపోతే కుదరలేదని రాయండి

రెండో ఓటు తర్వాత కూడా చీలిక ఉంటే అది మీ వైఫల్యం కాదు. సాయంత్రం ఆరు దాటాక మూడో ఓటు పెడితే అందరూ ఒప్పుకుంటారు, రైలు టైము అవుతోంది కాబట్టి. గైడ్‌లైన్‌లో "ఒప్పందం కుదరలేదు" అని రాసి, రెండు వైపుల కారణాలూ చెరో మూడు వాక్యాల్లో పెట్టండి. జిల్లాలో ఒంటరిగా ఉన్న థెరపిస్టుకి ఆ ఆరు వాక్యాలు చాలా పనికొస్తాయి, తనకి అనుమానం ఉండటం తన తప్పు కాదని తెలుస్తుంది, పైగా రేపు ఎవరైనా పీజీ విద్యార్థికి థీసిస్ టాపిక్ దొరుకుతుంది.

కుదిరినవాటి పక్కన రెండు విషయాలు విడివిడిగా ఉండాలి: సిఫారసు బలమైనదా లేక షరతులతోనా, దాని వెనకున్న ఆధారం ఏ మెట్టు మీద ఉంది. పన్నెండు మందికి పన్నెండు మంది 9 వేసినా అది పన్నెండు మంది అభిప్రాయమే, పరిశోధన కాదు. "ఆధారం బాగా తక్కువ, ప్యానెల్ అనుభవం మీద ఇస్తున్నాం" అని రాయడానికి సిగ్గుపడక్కర్లేదు, దాచడానికి పడాలి.

రిపోర్టులో ఎంతమందిని పిలిచారు, ఎంతమంది ఒప్పుకున్నారు, ఏ రౌండ్లో ఎంతమంది ఓటు వేశారు, ఏ స్టేట్‌మెంట్ ఎక్కడ మారింది, ఎవరు ఎక్కడ ఓటుకి దూరంగా ఉన్నారు, డబ్బు ఎవరిచ్చారు, అన్నీ ఉండాలి. దీనికి 2024లో వచ్చిన అకార్డ్ చెక్‌లిస్టు ఉంది. గైడ్‌లైన్ నాణ్యత చూడటానికి ఎగ్రీ-2 అనే కొలమానం ఉంది, ఆరు విభాగాలు, 23 అంశాలు. రెండింటినీ మొదట్లోనే ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి, చివర్లో తెరిస్తే "అయ్యో ఇది రాసుకోలేదే" అనేవి డజను తేలతాయి. అనుభవం మీద చెప్తున్నా.

ఆఖరి వాక్యాలు ప్యానెల్‌కి ఒకసారి తిప్పి పంపండి, పది రోజులు గడువు పెట్టి, భాష సవరణలు మాత్రమే, అర్థం మార్చేవి కుదరవని స్పష్టంగా చెప్పి. ఎందుకంటే మీటింగ్‌లో ఓడిన వాదన ఈమెయిల్‌లో వెనక తలుపు నుంచి వస్తుంది. ప్యానెల్లో లేని నలుగురైదుగురు థెరపిస్టులకి ఇచ్చి ఒక నెల వాడి చూడమనండి. 1952 నుంచి ఉన్న మన అఖిల భారత ఓటీల సంఘానికి కూడా అభిప్రాయం కోసం పంపండి.

కుటుంబాల కోసం తెలుగులో ఒక పేజీ వేరుగా చేయండి, పెద్ద అక్షరాలతో. మాది మొదట మా ప్యానెల్లోని ఆవిడకే ఇచ్చాం. చదివి, "నిత్యజీవిత కార్యకలాపాలు" అన్నచోట వేలు పెట్టి, "ఇదేంటి?" అంది. స్నానం, తిండి, బట్టలు అని మార్చాం.